ఇంటర్నెట్ మూలపట్టికకు కాపలా ఎవరు?

రూట్ సర్వర్ల స్థిరత్వంపై నిరంతర పరిశీలన. భారత్‌కూ అందులో పాత్ర అవసరం

2024 మే 18వ తేదీన, ప్రపంచ ఇంటర్నెట్‌కు ఆయువుపట్టు వంటి పదమూడు రూట్ సర్వర్లలో ఒకటి కొత్త సమాచారాన్ని అందుకోవడం మానివేసింది. అయినా దాని పని ఆగలేదు. అడిగిన వారందరికీ అది యథాప్రకారం సమాధానాలు చెబుతూనే వచ్చింది. ఆ సమాధానాలు మాత్రం పాత పట్టికలోనివి. మూడు రోజులకు పైగా ఇలా సాగినా, దానిని నిర్వహిస్తున్న సంస్థకు ఆ సంగతే తెలియలేదు. మే 21వ తేదీన, భారత కాలమానం ప్రకారం రాత్రి 9 గంటల వేళ, బయటి నుండి వర్తమానం అందిన తరువాతనే ఆ సంస్థ లోపాన్ని గుర్తించింది. మరునాటికి గాని దానిని సరిదిద్దడం సాధ్యపడలేదు.

ఈ సర్వర్‌కు ‘సి’ అనే అక్షరమే పేరు. నిర్వహించేది అమెరికాకు చెందిన కోజెంట్ కమ్యూనికేషన్స్ సంస్థ. ఆ సంస్థ ఇచ్చిన వివరణ ఆలోచింపజేసేదిగా ఉంది. నెట్‌వర్క్‌లో సమాచారం ఏ దారిన ప్రయాణించాలో నిర్ణయించే నియమాల్లో, దీనితో సంబంధం లేని ఒక మార్పు జరిగింది. పట్టిక సరఫరా ఆగిపోతే హెచ్చరించవలసిన పర్యవేక్షణ వ్యవస్థ ఆ మార్పు కారణంగానే మూగబోయింది. ఇల్లు కాయవలసిన కుక్క నోటికి చిక్కం పడినట్లయింది.

మిగిలిన పన్నెండు సర్వర్లు సక్రమంగా పనిచేస్తుండటంతో సామాన్య వినియోగదారులు ఈ ఉదంతాన్ని గమనించనైనా లేదు. అయితే, అమెరికా ప్రభుత్వ సంస్థలు వాడే ‘డాట్ గవ్’, అంతర్జాతీయ సంస్థలు వాడే ‘డాట్ ఇంట్’ పేర్ల భద్రతా సంకేతాలలో అదే సమయంలో చేయదలచిన మార్పులను నిపుణులు వాయిదా వేయవలసి వచ్చింది. పదమూడింటిలో ఒకటి పాత పట్టికతో ఉండగా కీలకమైన మార్పులకు పూనుకోవడం క్షేమం కాదని వారు భావించారు.

ఎక్కడో అమెరికాలో జరిగిన ఈ పొరపాటుకు, ఇక్కడ సెల్‌ఫోన్ ద్వారా కూరగాయలకు డబ్బు చెల్లించే గృహిణికి సంబంధమేమిటన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే మన దేశంలో యూపీఐ చెల్లింపుల సంఖ్య రెండు వేల కోట్లు దాటింది. బ్యాంకు లావాదేవీలు, రైలు టిక్కెట్లు, పన్నుల చెల్లింపులు, పరీక్షా ఫలితాలు అన్నీ ఇంటర్నెట్ మీదికి చేరాయి. వీటిలో ఏ సేవను అందుకోవాలన్నా కంప్యూటర్ మొదట ఒక పేరును చిరునామాగా మార్చుకోవాలి. ఆ మార్పిడికి మొదటి మెట్టు రూట్ సర్వరే.

పేరు నుండి చిరునామాకు

ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికి అంకెలతో కూడిన చిరునామా ఉంటుంది. మనుషులకు అంకెల కంటె పేర్లు గుర్తుంచుకోవడం సులభం. తొలినాళ్లలో ప్రపంచంలోని యంత్రాల పేర్లు, చిరునామాలు అన్నీ ఒకే పట్టికలో ఉండేవి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థ దానిని నిర్వహించేది. యంత్రాల సంఖ్య పెరిగిన కొద్దీ ఒకే పట్టికను అందరికీ పంపిణీ చేయడం అసాధ్యమైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ అనే శాస్త్రవేత్త ఈ భారాన్ని అంచెలంచెలుగా పంచే పద్ధతిని రూపొందించారు. నేటికీ వాడుకలో ఉన్న డొమైన్ నేమ్ వ్యవస్థ అదే.

విజయవాడలోని ఒక ఖాతాదారు తన బ్యాంకు పేరును టైపు చేశాడనుకుందాం. అతనికి ఇంటర్నెట్ సదుపాయం కల్పించే కంపెనీ వద్ద ఉండే రిజాల్వర్ అనే యంత్రం ఆ పేరును కుడి చివర నుండి చదువుతుంది. చివర ‘డాట్ ఇన్’ ఉంటే, ఆ పేర్ల వివరాలు ఎవరి దగ్గర దొరుకుతాయని మొదట రూట్ సర్వర్‌ను అడుగుతుంది. రూట్ సర్వర్ ‘డాట్ ఇన్’ సర్వర్ల చిరునామాలను చూపుతుంది. అవి బ్యాంకు సర్వర్ చిరునామాను చూపుతాయి. ఊరి పొలిమేరలో నిలబడి ఫలానా వీధి ఎటు అని అడిగితే దారి చూపే పెద్దమనిషి వంటిది రూట్ సర్వర్. ఇంటి తలుపు వరకు అది తీసుకువెళ్లదు. అయితే అది తప్పుదారి చూపితే ప్రయాణం మొదట్లోనే చెడిపోతుంది.

రూట్ సర్వర్లు చెప్పే సమాధానాలన్నీ రూట్ జోన్ అనే మూలపట్టిక నుండి వచ్చేవే. ‘డాట్ కామ్’, ‘డాట్ ఇన్’, ‘డాట్ ఎల్‌కే’ వంటి పద్నాలుగు వందలకు పైగా చివరి పేర్లు, వాటి సర్వర్ల వివరాలు ఇందులో ఉంటాయి. ఐకాన్ సంస్థ అనుబంధ విభాగం ఈ పట్టికలో మార్పులను పరిశీలించి ఆమోదిస్తుంది. వెరిసైన్ కంపెనీ పట్టికను తయారుచేసి పంపిణీ చేస్తుంది. సాధారణంగా రోజుకు రెండు పర్యాయాలు కొత్త ప్రతి వెలువడుతుంది.

రిజాల్వర్ ప్రతిసారీ రూట్ సర్వర్ వద్దకు పరుగెత్తదు. ఒకసారి తెలుసుకున్న సమాధానాన్ని రెండు రోజుల వరకు జ్ఞాపకం ఉంచుకోవచ్చు. ఈ కారణంగానే రూట్ వ్యవస్థలో చిన్న అవాంతరాలు ఏర్పడినా ప్రజలకు వెంటనే తెలియదు. వైఫల్యం చాలాసేపు కనబడకుండా దాగి ఉండటానికీ ఇదే కారణమవుతున్నది.

పదమూడు పేర్లు, పన్నెండు సంస్థలు

‘ఎ’ నుండి ‘ఎం’ వరకు పదమూడు అక్షరాలతో ఈ సర్వర్లను గుర్తిస్తారు. తొలినాటి నిబంధనల ప్రకారం ఒక సమాధానం 512 బైట్లకు మించకూడదు. ఆ చిన్న పొట్లంలో పదమూడు సర్వర్ల పేర్లు, చిరునామాలు మాత్రమే ఇమిడాయి. ఆ సంఖ్యే స్థిరపడిపోయింది.

పదమూడింటినీ పన్నెండు సంస్థలు నిర్వహిస్తున్నాయి. వెరిసైన్ ఒక్కటే రెండింటిని నడుపుతున్నది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, ఆ దేశ రక్షణ శాఖ, సైనిక పరిశోధనాలయం, మేరీలాండ్ విశ్వవిద్యాలయం మొదలైనవి నిర్వాహకుల జాబితాలో ఉన్నాయి. పన్నెండింటిలో తొమ్మిది అమెరికా సంస్థలు. మిగిలిన మూడు స్వీడన్, నెదర్లాండ్స్, జపాన్ దేశాలవి. ఈ సేవకు ఏ సంస్థా వినియోగదారుల నుండి రుసుము వసూలు చేయదు.

పదమూడు యంత్రాలు ధ్వంసమైతే ఇంటర్నెట్ నిలిచిపోతుందన్న భయం తరచు వినవస్తుంది. వాస్తవం వేరు. ఒకే చిరునామాను పలు ఊళ్లలోని యంత్రాలకు కేటాయించి, వచ్చిన ప్రశ్నను నెట్‌వర్క్ దారుల ప్రకారం చేరువలో ఉన్న యంత్రానికి మళ్లించే ఎనీకాస్ట్ అనే పద్ధతి ప్రస్తుతం అమలులో ఉంది. దీనివల్ల పదమూడు పేర్ల వెనుక ప్రపంచవ్యాప్తంగా పదిహేను వందలకు మించిన ప్రతులు పనిచేస్తున్నాయి. ఒకటి మూలబడితే ప్రశ్నలు మరొక చోటికి వెళతాయి. అన్ని ప్రతుల్లోనూ ఒకే పట్టిక, ఒకే నాటి పట్టిక ఉన్నదా అన్నది మాత్రం ఎవరో ఒకరు చూస్తూ ఉండవలసిందే.

దాడులు నేర్పిన పాఠాలు

నిఘా అవసరాన్ని తొలిసారిగా గట్టిగా చాటిన సంఘటన 1997 జులై 17న జరిగింది. ‘డాట్ కామ్’, ‘డాట్ నెట్’ పేర్ల పట్టికను తయారుచేసే నెట్‌వర్క్ సొల్యూషన్స్ సంస్థ కంప్యూటర్లలో ఆ తెల్లవారుజామున దోషం ఏర్పడి, పట్టిక చెడిపోయింది. తనిఖీ వ్యవస్థ హెచ్చరించింది. విధుల్లో ఉన్న ఉద్యోగి ఆ హెచ్చరికను లెక్కచేయకుండా పట్టికను విడుదల చేశాడు. కొన్ని గంటల పాటు ఎన్నో వెబ్‌సైట్లు, ఈ-మెయిళ్లు అందకుండా పోయాయి. భారతదేశంలో వీఎస్ఎన్ఎల్ ద్వారా ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చి అప్పటికి రెండేళ్లయినా నిండలేదు. యంత్రం హెచ్చరించినా మనిషి వినకపోతే ఫలితం ఉండదని ఆ ఉదంతం నిరూపించింది.

2002 అక్టోబర్ 21న పదమూడు రూట్ సర్వర్లపైనా ఒకేసారి దాడి జరిగింది. లెక్కలేనన్ని నకిలీ ప్రశ్నలతో వాటిని ముంచెత్తడం దాడి లక్ష్యం. గంటకు పైగా సాగిన ఆ దాడిలో పలు సర్వర్లు ఉక్కిరిబిక్కిరి అయ్యాయి. మిగిలినవి నిలబడటంతో ప్రజలకు పెద్దగా ఇబ్బంది కలగలేదు. దాని తరువాతనే ఎనీకాస్ట్ పద్ధతి విస్తరించింది. 2007 ఫిబ్రవరి 6న మరో దాడి జరిగినప్పుడు ఆ పద్ధతి విలువ స్పష్టంగా బయటపడింది. ఎక్కువగా దెబ్బతిన్న రెండు సర్వర్లు, ‘జి’, ‘ఎల్’, అప్పటికి ఆ పద్ధతిని అమలు చేయనివే కావడం గమనార్హం. 2015 నవంబర్ 30న, మరునాడు డిసెంబర్ 1న జరిగిన దాడుల్లో ఒక్కో సర్వర్‌కు సెకనుకు 50 లక్షల వరకు ప్రశ్నలు వచ్చిపడ్డాయి. అప్పుడు కూడా వ్యవస్థ మొత్తంగా తట్టుకున్నది.

దాడి జరిగితే కొలతల పటాలపై వెంటనే కనబడుతుంది. సమాధానం రాకపోవడం కంటె తప్పుడు సమాధానం రావడం ప్రమాదకరం. 2010 మార్చిలో చిలీ దేశపు నిపుణులు ఒక వింతను గమనించారు. కొన్ని ప్రముఖ సామాజిక మాధ్యమాల పేర్ల గురించి ‘ఐ’ రూట్ సర్వర్‌ను అడిగితే, సంబంధం లేని చిరునామాలు సమాధానంగా వస్తున్నాయి. ఆరా తీయగా, ఆ ప్రశ్నలు చైనాలోని బీజింగ్ నగరంలో ఉన్న ప్రతికి చేరుతున్నాయని, ఆ దేశంలోని వడపోత యంత్రాంగం మార్గమధ్యంలో సమాధానాలను మార్చివేస్తున్నదని తేలింది. ‘ఐ’ సర్వర్‌ను నిర్వహించే స్వీడన్ సంస్థ నెట్‌నాడ్ బీజింగ్ ప్రతిని బయటి ప్రపంచానికి కనబడకుండా తొలగించింది. భూగోళానికి అటువైపున ఉన్న ఒక నిపుణుడు కళ్లు తెరిచి చూడకపోతే ఆ తప్పుడు సమాధానాలు ఇంకెంతకాలం సాగేవో ఊహించలేము.

కొలత ఎలా సాగుతుంది?

ఎనీకాస్ట్ పద్ధతి వచ్చిన తరువాత నిఘా పని జటిలమైంది. ఒక ఊరి నుండి చూసేవారికి వారికి చేరువలోని ప్రతి మాత్రమే కనబడుతుంది. హైదరాబాద్ నుండి అడిగిన ప్రశ్న ముంబాయిలోని యంత్రానికి చేరవచ్చు. అదే ప్రశ్న లండన్ నుండి అడిగితే మరో యంత్రం బదులిస్తుంది. కనుక వ్యవస్థ ఆరోగ్యాన్ని తెలుసుకోవాలంటే వేల చోట్ల నుండి ఒకేసారి నాడి పట్టి చూడాలి.

ఆమ్‌స్టర్‌డామ్ కేంద్రంగా గల రైప్ ఎన్‌సీసీ సంస్థ ఈ రంగంలో ముందున్నది. ఆ సంస్థ 2010లో ప్రారంభించిన ‘రైప్ అట్లాస్’ పథకం కింద అరచేతిలో ఇమిడే చిన్న పరికరాలను ప్రపంచవ్యాప్తంగా స్వచ్ఛంద సేవకుల ఇళ్లలో, కార్యాలయాల్లో అమర్చారు. వీటి సంఖ్య పదివేలకు పైమాటే. ఇవి రూట్ సర్వర్లకు విడువకుండా ప్రశ్నలు పంపుతూ, సమాధానం వచ్చిందా, ఎంతసేపటికి వచ్చింది, ఏ ఊరిలోని ప్రతి నుండి వచ్చింది అన్న వివరాలను నమోదు చేస్తాయి. రూట్ నిర్వాహకులు కూడా తమ సర్వర్లకు రోజువారీగా వచ్చే ప్రశ్నల సంఖ్య, కొత్త పట్టికను పొందడానికి పట్టిన సమయం వంటి లెక్కలను బహిరంగపరుస్తున్నారు.

కొలతలు తీసుకోవడంతో సరిపోదు, ఏది మంచి స్థితి, ఏది చెడు స్థితి అన్న గీటురాయి కూడా ఉండాలి. ఐకాన్‌కు సలహాలిచ్చే రూట్ సర్వర్ల కమిటీ 2020 మార్చిలో అటువంటి ప్రమాణాలను ప్రకటించింది. దాని ప్రకారం ఒక్కో సర్వర్ కనీసం 96 శాతం సమయం అందుబాటులో ఉండాలి. పదమూడింటితో కూడిన వ్యవస్థ మాత్రం 99.999 శాతం సమయం అందుబాటులో ఉండాలి. పదమూడింటిలో ఎనిమిది పనిచేస్తే చాలునన్న లెక్కతో ఈ రెండు సంఖ్యలకు పొంతన కుదిరింది. విడివిడిగా కొంత సడలింపు ఇచ్చి, ఉమ్మడిగా కఠినంగా ఉండటం ఈ ప్రమాణాల విశేషం. సమాధానాల ఖచ్చితత్వం విషయంలో సడలింపు లేదు. అది నూటికి నూరు శాతం ఉండవలసిందే. కొత్త పట్టిక వెలువడిన 65 నిమిషాల్లోగా ప్రతి సర్వర్ దానిని అందించడం ప్రారంభించాలి.

‘సి’ సర్వర్ ఉదంతాన్ని ఈ గీటురాయిపై పెట్టి చూస్తే తీవ్రత అర్థమవుతుంది. 65 నిమిషాల్లో జరగవలసిన పని మూడు రోజులైనా జరగలేదు. దీనిని కనిపెట్టడానికి ఖరీదైన యంత్రాలు కూడా అవసరం లేదు. మూలపట్టిక ప్రతి సంచికకు పది అంకెల సంఖ్య ఉంటుంది. మొదటి ఎనిమిది అంకెలు సంవత్సరం, నెల, తేదీని, చివరి రెండు ఆ రోజు వెలువడిన సంచిక వరుసను సూచిస్తాయి. పదమూడు సర్వర్లనూ ఆ సంఖ్య అడిగి పక్కపక్కన రాసుకుంటే వెనుకబడినది ఏదో బడిపిల్లవాడైనా చెప్పగలడు. లెక్కలు అందుబాటులో ఉండి కూడా వాటిని చూసి సకాలంలో స్పందించేవారు లేకపోవడమే అక్కడ జరిగిన లోపం.

ఇటువంటి స్థితి మరికొన్నాళ్లు సాగితే ఏమయ్యేది? ఏడు రోజుల పాటు కొత్త ప్రతి అందకపోతే తన దగ్గరున్న పట్టికను చెల్లనిదిగా పరిగణించాలని మూలపట్టికలోనే ఒక గడువు రాసి ఉంటుంది. పట్టికపై వేసే భద్రతా ముద్రలకు కూడా రెండు వారాల లోపే కాలం తీరుతుంది. అంటే వ్యవస్థ రూపకర్తలు ఇటువంటి పొరపాట్లను ముందే ఊహించి అడ్డుకట్టలు వేసి ఉంచారు. ఆ కట్టలు తెగేవరకు వేచి చూడకుండా మేల్కొల్పడమే నిఘా చేయవలసిన పని.

నిఘా వల్ల ఊహించని ప్రయోజనాలు కూడా కలిగిన సందర్భాలున్నాయి. రూట్ సర్వర్లకు వచ్చే ప్రశ్నల్లో దాదాపు సగం అర్థం లేని అక్షరాల కూర్పులేనని 2020లో పరిశోధకులు బయటపెట్టారు. క్రోమ్ బ్రౌజర్ తాను ఉన్న నెట్‌వర్క్ స్వభావాన్ని తెలుసుకోవడానికి యాదృచ్ఛికంగా కల్పించిన పేర్లవి. ఆ సంగతి తెలిసిన తరువాత క్రోమ్ రూపకర్తలు పద్ధతి మార్చుకోవడంతో రూట్ సర్వర్లపై భారం గణనీయంగా తగ్గింది.

తాళంచెవి మార్పు

రూట్ సర్వర్ చెప్పిన సమాధానం నిజమైనదేనని రుజువు చేసే సంకేత ముద్రలు 2010 జులై 15 నుండి అమలులోకి వచ్చాయి. ఈ ముద్రలకు మూలమైన తాళంచెవిని అమెరికాలో కాలిఫోర్నియాలోని ఎల్ సెగుండో, వర్జీనియాలోని కల్‌పెపర్ అనే రెండు చోట్ల భద్రపరిచారు. ఏడాదికి నాలుగుసార్లు వివిధ దేశాల నుండి ఎంపికైన ప్రతినిధుల సమక్షంలో వాటిని బయటికి తీసి పని ముగించి మళ్లీ తాళం వేస్తారు. 2020 ఫిబ్రవరిలో ఇనుప పెట్టె తాళం తెరుచుకోకపోవడంతో ఆ కార్యక్రమం కొద్ది రోజులు వాయిదా పడింది.

ఈ మూల తాళంచెవిని తొలిసారిగా 2017 అక్టోబర్ 11న మార్చాలని నిర్ణయించారు. తీరా సమయం దగ్గరపడ్డాక, ప్రపంచంలోని కొన్ని రిజాల్వర్లు కొత్త తాళంచెవిని ఇంకా స్వీకరించలేదని కొలతల్లో బయటపడింది. మొండిగా ముందుకు పోయి ఉంటే ఆ రిజాల్వర్లపై ఆధారపడినవారికి ఇంటర్నెట్ అందకుండా పోయేది. ఐకాన్ ఆ కార్యక్రమాన్ని ఏడాది పాటు వాయిదా వేసింది. 2018 అక్టోబర్ 11న మార్పు దాదాపు సాఫీగా ముగిసింది. తదుపరి తాళంచెవిని 2025 జనవరిలో మూలపట్టికలో చేర్చారు. దాని వాడకానికి 2026 అక్టోబర్ 11ను ముహూర్తంగా నిర్ణయించారు. కొత్త తాళంచెవిని అంత ముందుగా చేర్చడంలో, రిజాల్వర్లు దానిని స్వీకరిస్తున్న తీరును గమనించడానికి తగినంత వ్యవధి ఇవ్వడం కూడా ఒక ఉద్దేశం.

భారత్‌కు గల సంబంధం

మన దేశంలో రూట్ సర్వర్ల ప్రతులు 2005లో ఏర్పడ్డాయి. నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా సహకారంతో చెన్నైలో ‘ఎఫ్’, ముంబాయిలో ‘ఐ’, ఢిల్లీలో ‘కె’ ప్రతులను నెలకొల్పారు. తరువాత వీటి సంఖ్య పెరిగింది. పాకిస్థాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ దేశాల్లో కూడా ప్రతులు ఉన్నాయి. స్వదేశంలో ప్రతి ఉండటం వల్ల సమాధానం త్వరగా అందుతుంది. 2008 జనవరిలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపంలో సముద్రగర్భ కేబుళ్లు తెగినప్పుడు భారత్‌తో సహా పలు దేశాల ఇంటర్నెట్ తీవ్రంగా దెబ్బతిన్నది. అటువంటి ఆపద సమయాల్లో ఇంట్లోనే దీపం ఉండటం కొంత ఊరట.

అయితే ప్రతి ఉన్నంత మాత్రాన ప్రశ్న దాని దగ్గరికే వెళుతుందన్న హామీ లేదు. ఇంటర్నెట్ కంపెనీల మధ్య ఉన్న ఒప్పందాలు, దారుల ఏర్పాట్లను బట్టి పక్క ఊరిలోని ప్రతిని వదిలి ప్రశ్న సముద్రాలు దాటి వెళ్లడం కద్దు. అసలు ఎటు వెళుతున్నదో తెలియాలంటే ఇక్కడి నుండే కొలవాలి.

‘డాట్ ఇన్’ పేరుపై దేశ ఆర్థిక వ్యవస్థ ఆధారపడటం ఇటీవల మరింత పెరిగింది. నకిలీ వెబ్‌సైట్ల మోసాలను అరికట్టే ఉద్దేశంతో బ్యాంకులన్నీ ‘బ్యాంక్ డాట్ ఇన్’ అన్న చివరి పేరుకు మారాలని రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. 2025 అక్టోబర్ 31ని గడువుగా విధించింది. ఈ పేర్లను నమోదు చేసే అధికారాన్ని హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ అభివృద్ధి, పరిశోధనా సంస్థకు మాత్రమే అప్పగించారు. ఖాతాదారులకు ఇది మేలైన ఏర్పాటే. ఏది అసలు బ్యాంకో, ఏది నకిలీయో పేరు చివర చూసి తెలుసుకోవచ్చు. అదే సమయంలో, ఇంతకు ముందు ‘డాట్ కామ్’, ‘డాట్ కో డాట్ ఇన్’ అంటూ పలు దారుల్లో ఉన్న బ్యాంకులన్నీ ఒకే గొలుసుకు చేరాయి. ఆ గొలుసు మొదటి కొక్కెం రూట్ సర్వర్ల వద్దనే తగిలించి ఉంది.

2019లో ‘డాట్ ఇన్’ సాంకేతిక నిర్వహణ ఒక కంపెనీ నుండి మరొక కంపెనీకి మారింది. ఇలాంటి మార్పులు జరిగినప్పుడు మూలపట్టికలోని సర్వర్ల వివరాలు కూడా మార్చవలసి వస్తుంది. ఆ సమయంలోనే ఏదైనా రూట్ సర్వర్ పాత పట్టికతో ఉండిపోతే, దానిని అడిగిన రిజాల్వర్లకు పాత చిరునామాలే అందుతాయి. పాత సర్వర్లను అప్పటికే నిలిపివేసి ఉంటే కొందరికి సేవలు అందుతాయి, మరికొందరికి అందవు. ఒక ఊరిలో బ్యాంకు పనిచేస్తుంది, పక్క ఊరిలో పనిచేయదు. లోపం ఎక్కడుందో తేల్చడానికే గంటలు గడిచిపోతాయి. అందరికీ ఒకేసారి ఆగిపోయే వైఫల్యం కంటె ఇటువంటి అరకొర వైఫల్యాన్ని పట్టుకోవడం కష్టం.

తెలుగువారికి ఈ మూలపట్టికతో మరో అనుబంధం కూడా ఉంది. తెలుగు లిపిలోని ‘భారత్’ అన్న చివరి పేరు 2011లో ఇందులో చేరింది. హిందీ, తమిళం, బెంగాలీ తదితర భాషల పేర్లు కూడా అప్పుడే స్థానం పొందాయి. అమెరికా ప్రభుత్వం 2016 అక్టోబర్ 1న మూలపట్టికపై తన పర్యవేక్షణాధికారాన్ని వదులుకున్నది. అంతకు ముందు పట్టికలో ప్రతి మార్పునూ ఆ దేశ వాణిజ్య శాఖ ఆమోదించవలసి ఉండేది. ఆ చారిత్రక పరిణామం తరువాత ఐకాన్ జరిపిన తొలి మహాసభకు 2016 నవంబర్‌లో హైదరాబాద్ నగరమే వేదికైంది.

జవాబుదారీ ఎవరిది?

ఒక ప్రభుత్వపు పెత్తనం తొలగిన తరువాత ఆ స్థానంలో పరస్పర విశ్వాసం, బహిరంగ కొలతలు నిలిచాయి. పన్నెండు సంస్థలూ చాలావరకు సదుద్దేశంతో, స్వచ్ఛందంగా పనిచేస్తున్నాయి. విధి నిర్వహణలో ఒక సంస్థ పదే పదే విఫలమైతే దానిని తప్పించి మరొకదానికి బాధ్యత అప్పగించే విధానం మాత్రం ఈ వ్యవస్థ పుట్టిన నాటి నుండి లేదు. అటువంటి విధానం కావాలని నిర్వాహకుల కమిటీయే 2018లో ఒక నమూనాను ప్రతిపాదించింది. అప్పటి నుండి దానిపై చర్చలు సాగుతున్నాయి. ఎవరినైనా తప్పించాలన్నా, కొనసాగించాలన్నా ఆధారం కావాలి. ఆ ఆధారాన్ని సమకూర్చేది కొలతలే.

ఈ కొలతల్లో దక్షిణాసియా వాటా తక్కువగా ఉన్నది. రైప్ అట్లాస్ పరికరాలు ఐరోపా దేశాల్లో దట్టంగానూ, మన ప్రాంతంలో పలుచగానూ ఉన్నాయి. దీనివల్ల ఐరోపా పౌరునికి ఎదురయ్యే ఇబ్బంది పటంపై తక్షణం కనబడుతుంది. అదిలాబాద్‌లోనో, అనంతపురంలోనో ఎదురయ్యే ఇబ్బంది కనబడకుండా పోయే అవకాశం ఉంది. విశ్వవిద్యాలయాలు, ఇంటర్నెట్ కంపెనీలు, బ్యాంకులు తమ ప్రాంగణాల్లో ఇటువంటి పరికరాలకు చోటిస్తే ఈ వెలితి తీరుతుంది. ఇందుకు అయ్యే ఖర్చు స్వల్పం.

రిజాల్వర్లను నడిపే కంపెనీలు మూలపట్టిక ప్రతిని తమ వద్దనే ఉంచుకునే పద్ధతి కూడా అందుబాటులోకి వచ్చింది. ఆ ప్రతి ఎక్కడా తారుమారు కాలేదని సరిచూసుకునేందుకు వీలుగా 2023 డిసెంబర్ నుండి మూలపట్టికకు ప్రత్యేక సరిచూపు ముద్ర జోడిస్తున్నారు. ఇలా చేసే కంపెనీకి రూట్ సర్వర్ల వద్దకు వెళ్లే అవసరం చాలావరకు తప్పుతుంది. అయితే ఆ కంపెనీ తన ప్రతి పాతబడకుండా తానే చూసుకోవాలి. అంటే నిఘా బాధ్యత తొలగిపోదు, చేతులు మారుతుంది.

మూడు దశాబ్దాలుగా రూట్ వ్యవస్థ మొత్తంగా ఏనాడూ కుప్పకూలలేదు. పదమూడు పేర్లు, వందలాది ప్రతులు ఉండటం దాని బలం. ఆ బలం చాటునే ఒక్కో భాగంలోని లోపం రోజుల తరబడి దాగి ఉండగలదని 2024 మే నాటి ఉదంతం తెలియజెప్పింది. ఆనాడు లోపలి కాపలాదారు నిద్రపోతే బయటివారు గమనించి తలుపు తట్టారు. బ్యాంకుల నుండి బడుల వరకు అన్నిటినీ ఇంటర్నెట్‌కు అప్పగించిన భారతదేశం, ఆ తలుపు తట్టే పనిని ఎల్లకాలం ఇతరులకే వదిలివేయడం శ్రేయస్కరం కాదు.